మైనస్ పాయింట్ వన్ ఫోర్

సోమవారం మధ్యాహ్నం పరిశోధన పేపర్ కొత్త ప్రతి వచ్చింది. అప్పుడు సూర్యకుమారి తను పాఠాలు చెప్పే కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో స్క్రూగేజీలు తుడిచి బీరువాలో సర్దుతోంది. ఫోన్ మోగగానే నూనె అంటిన వేళ్ళు పాత గుడ్డకి తుడుచుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి తెరిచింది.

మొదటి పేజీలో రెండే పేర్లున్నాయి. భవానీదేవి, జీవన్. కిందటి వారం వచ్చిన ప్రతిలో మూడు పేర్లుండేవి. ఆమె వేలితో పేజీలు తోసుకుంటూ చివరిదాకా వెళ్ళింది. ముప్పయ్యొకటో పేజీ అడుగున, కృతజ్ఞతలు చెప్పే చోట, పెద్ద కంప్యూటర్ వాడుకోనిచ్చిన వాళ్ళ తర్వాత ఒక వాక్యం ఉంది. కొన్ని లెక్కలు సరిచూడటంలో సాయపడిన శ్రీమతి సూర్యకుమారికి ధన్యవాదాలు.

ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఏవండీ మేడమ్, ఏదైనా కబురాండీ?" అన్నాడు అటెండరు పోలయ్య, స్టూళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తూ.

"ఏం లేదు పోలయ్యగారూ. పేపరండి."

"మన పేరొచ్చిందాండీ అందులో?"

"చివర్లో వచ్చింది," అంది ఆమె. మిగిలిన స్క్రూగేజీలు కూడా తుడిచి, బీరువా తాళం వేసి, తాళంచెవి అతని చేతికిచ్చింది.

హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో ప్రొఫెసర్ భవానీదేవి దగ్గర ఆమె పార్ట్ టైమ్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. హిగ్స్ కణం ఒక్కటే కాక అలాంటి స్కేలార్ కణాలు ఇంకా ఉంటే ఏమవుతుందన్నది వాళ్ళ పని. ఆ కొత్త కణాల బరువులూ, అవి ఒకదాన్నొకటి లాగే బలాలూ ఎవరికీ తెలియవు. కాబట్టి లక్షల రకాలుగా ఊహించాలి. ఒక్కో ఊహనీ ఒక పాయింట్ అంటారు. ప్రతి పాయింట్‌నీ రెండు జల్లెళ్ళలో పోస్తారు. మొదటిది సిద్ధాంతం. ఈ అంకెలతో ప్రపంచం నిలబడుతుందా, కూలిపోతుందా అన్నది అందులో తేలుతుంది. రెండోది కణాల్ని ఢీకొట్టించే కొలైడర్ యంత్రం ఇచ్చిన డేటా. రెండిట్లోనూ నిలిచినవే పటం మీద చుక్కలవుతాయి.

లక్షల పాయింట్ల పని జీవన్‌ది. అతను పీహెచ్‌డీ అయిపోయి అక్కడే పనిచేస్తున్న కుర్రాడు, చురుకైనవాడు. అందులో రెండువేల పాయింట్లు తీసుకుని విడిగా సరిచూడటం సూర్యకుమారి వంతు. సంస్థ వాళ్ళ ప్రోగ్రామ్ కాలేజీ కంప్యూటర్‌లో ఎక్కలేదు. నాలుగు రోజులు పోరాడి, ఎక్కదని తేలాక, మొదటి జల్లెడని ఆమె మొదటి నుంచీ తనే కట్టుకుంది. అందుకే గొడవ వచ్చింది. జీవన్ పటంలో ఎడమవైపు కింది మూల చుక్కలతో నల్లగా ఉంది. ఆమె పటంలో ఆ మూల ఖాళీ. పేపర్ చెప్పే గొప్ప సంగతంతా ఆ నల్లటి మూలలోనే ఉంది. అక్కడ హిగ్స్ రెండు కాంతి కణాలుగా విడిపోవడం అనుకున్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది.

ఆమె జీవన్‌కి ఫోన్ చేసింది.

"మేడమ్, మీకే చేద్దామనుకుంటున్నా," అన్నాడు అతను. "పేరు సంగతే కదా. తప్పుగా అనుకోకండి. మీ పాయింట్లు మావాటితో కలవడం లేదు. కలవని లెక్కకి పేరు పెడితే రేపు పేపర్ని పరీక్షించే రిఫరీ అడుగుతాడు."

"ఎందుకు కలవట్లేదో చూసేరాండీ?"

"చూశాం. మీ సిస్టమ్ పాతది. కోడ్ కూడా మీరు సొంతంగా రాసుకున్నది. మాది మూడేళ్ళ నుంచి నలుగురూ వాడుతున్న ఫైలు. అక్కడ పాఠాలు చెప్పుకుంటూ మీరు ఇంతవరకూ రావడమే గొప్ప, మేడమ్. నిజంగా."

అతను మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదకే ఆమె చెవులు వేడెక్కాయి.

"పేపర్ ఎప్పుడు పంపుతారండీ?"

"శుక్రవారం సాయంత్రం."

"అయితే ఒక పాయింట్ పంపండి. నా జల్లెడలో పోయి, మీ జల్లెడలో నిలిచింది. ఏదో ఒకటి చాలు."

"ఒక్క పాయింట్‌తో ఏం చేస్తారు?"

"చేత్తో చేసుకుంటానండి," అంది ఆమె.

మంగళవారం పొద్దున్న వాళ్ళ ఊరు మామిడికుదురులో ముసురు పట్టింది. అత్తగారు సుబ్బాయమ్మ పెరటి వసారాలో కత్తిపీట వేసుకుని, ఎండిన కురిడీ కొబ్బరి ముక్కలు చేస్తోంది. ఆమెకి కాస్త ఎడంగా సూర్యకుమారి చాప మీద కూర్చుని, పాత ప్రాక్టికల్ రికార్డుల్లో మిగిలిన తెల్ల కాగితాలు ముందు పెట్టుకుంది. కాలేజీకి తొమ్మిదింటి బస్సు. ఇంకా రెండు గంటలుంది.

జీవన్ పాయింట్ పంపాడు. అందులో పదకొండు అంకెలున్నాయి. అందులో కణాలు లాగే బలాలవి, లాంబ్డాలనేవి, ఆమె మూడు తీసుకుంది. లాంబ్డా వన్, పాయింట్ రెండు ఆరు. లాంబ్డా టూ, అదీ పాయింట్ రెండు ఆరే. లాంబ్డా త్రీ, మైనస్ పాయింట్ నాలుగు.

ముందు తన తప్పు కోసమే వెతికింది. తప్పు తనదే అయ్యుంటుందన్న అనుమానం ఆమెని వారం రోజులుగా తినేస్తోంది. కోడ్ పక్కన పెట్టి, ఏ పుస్తకం చూడకుండా, శక్తికి రాసే సమీకరణాన్ని కాగితం మీద మొదటి నుంచీ రాసింది. మొదటి లాంబ్డా సగం, రెండో లాంబ్డా సగం, మూడోది పూర్తిగా. ఆ శక్తి ఎటు వెళ్ళినా ఎక్కడో ఒకచోట అడుగు తగలాలి. అడుగు లేకపోతే ఆ ప్రపంచం నిలవదు, జారుతూనే ఉంటుంది. నిలవాలంటే ఏ షరతు కావాలో వరసగా రాసుకుంటూ వచ్చింది. కోడ్‌లో ఉన్న షరతే వచ్చింది.

"ప్రసాద్ రాత్రి మస్కట్ నుంచి ఫోన్ చేసేడంట, నువ్వెత్తలేదంట," అంది సుబ్బాయమ్మ, కొడుకు సంగతి ఎత్తుతూ.

"ఆయ్, చూసుకోలేదండి అత్తయ్యగారూ. మధ్యాహ్నం నేను చేస్తానండి."

"ఏవిటే ఆ మొహం? ఏం పోయింది?"

"పేరు పోయిందండి," అంది సూర్యకుమారి, పెన్సిల్ ఆపకుండా.

సుబ్బాయమ్మ కత్తిపీట మీద చెయ్యి ఆపి కోడలి వంక చూసింది. కాసేపటికి లేచి, గ్లాసుడు టీ తెచ్చి కాగితాలకి దూరంగా పెట్టింది.

సూర్యకుమారి అంకెలు వేసింది. రెండు క్షేత్రాల కొలతలూ ఒకటి అనుకుంటే, మొదటి ముక్క పాయింట్ ఒకటి మూడు. రెండో ముక్క పాయింట్ ఒకటి మూడు. మూడోది మైనస్ పాయింట్ నాలుగు. కూడింది. మైనస్ పాయింట్ ఒకటి నాలుగు. కొలత పది అనుకుని, దాని వర్గంతో గుణించి, మళ్ళీ కూడింది. మైనస్ పద్నాలుగు. వంద అనుకుంది. మైనస్ పద్నాలుగొందలు.

ఎంత దూరం వెళితే అంత కిందకి. అడుగు లేదు.

ఆమె కాగితం తిరగేసి, మళ్ళీ మొదటి నుంచి కూడింది. అదే అంకె. టీ చల్లారిపోయింది. అయినా ఒక్క గుక్కలో తాగేసి, తొమ్మిదింటి బస్సుకి చీర మార్చుకోవడానికి లేచింది.

తన లెక్క తప్పు కాదని తెలిసింది. వాళ్ళ లెక్క ఎందుకు తప్పిందో తెలియలేదు. అది తెలియకుండా మాట్లాడితే మళ్ళీ పాత కంప్యూటర్ కబుర్లే వినాలి. బుధవారం రెండు క్లాసుల మధ్య ఖాళీ గంటలో స్టాఫ్ రూమ్ మూల కూర్చుని పేపర్ మళ్ళీ చదివింది. సిద్ధాంతం షరతులు పేపర్‌లో రాసి లేవు. పద్నాలుగో రిఫరెన్సు నుంచి తీసుకున్నామని మాత్రమే ఉంది. ఆ పద్నాలుగోది పదిహేనేళ్ళ నాటి పేపర్. ఫోన్‌లో దించుకుని మొదటి సమీకరణం పెద్దది చేసి చూసింది.

అందులో సగాలు లేవు.

ఆమె ఫోన్ కళ్ళకి ఇంకా దగ్గరగా పెట్టుకుంది. ఆ పాత పేపర్‌లో మొదటి రెండు లాంబ్డాల్నీ సగం చెయ్యకుండా పూర్తిగా రాశారు. అలా రాసుకోవడం తప్పేమీ కాదు, వాళ్ళ పద్ధతి వాళ్ళది. అలా రాస్తే షరతులో రెండు అనే అంకె ముందుకొచ్చి కూర్చుంటుంది. జీవన్ వాళ్ళు సమీకరణం ఒక పద్ధతిలో రాసి, షరతు ఇంకో పద్ధతి నుంచి ఎత్తుకొచ్చారు. దాంతో మైనస్ పాయింట్ రెండు ఆరు దగ్గర ఉండవలసిన గట్టు మైనస్ పాయింట్ అయిదు రెండు దాకా జరిగిపోయింది. ఆ రెండు గట్ల మధ్య పడిన పాయింట్లన్నీ అడుగు లేనివే. నల్లటి మూలంతా అవే.

"ఏవండీ, తలనొప్పాండీ?" అని పక్క బల్ల దగ్గర కూర్చున్న కెమిస్ట్రీ మేడమ్ అడిగింది.

"లేదండి," అంది సూర్యకుమారి. నవ్వు ఆగడం లేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నాలుగు వాక్యాల్లో సంగతంతా రాసి, చేత్తో చేసిన లెక్కకి ఫోటో తీసి జీవన్‌కి పంపింది. సాయంత్రం బస్సు బోడసకుర్రు వంతెన ఎక్కుతుండగా జవాబు వచ్చింది. 'థాంక్స్ మేడమ్. ఇప్పుడు ఫార్మాటింగ్‌లో ఉన్నాం. సబ్మిట్ చేశాక తీరిగ్గా చూద్దాం.'

కింద గోదావరి పాయ వైనతేయ ఎర్రటి నీళ్ళతో నిండుగా పారుతోంది. ఆమె ఫోన్ బ్యాగులో వేసుకుంది. గురువారం పదకొండింటికి వాళ్ళ వారం మీటింగ్. ఆ లింకు ఇప్పటికీ తన దగ్గరుంది.

గురువారం పదకొండింటికి ఆమెకి సెకండియర్ పిల్లలతో ప్రాక్టికల్ ఉంది. మార్చుకుందామంటే ఖాళీగా ఎవరూ లేరు. ల్యాబ్ వదిలి వెళ్ళే వీల్లేదు. పదిన్నరకి పోలయ్యని పిలిచింది.

"పోలయ్యగారూ, ఈ ల్యాప్‌టాప్ ఆ ఎత్తు స్టూలు మీద పెట్టి, దాని మొహం బోర్డు వైపు తిప్పాలండి. కరెంటు పోతే?"

"ఇన్వర్టర్ వైరు ఇటు లాగేస్తానండి. ఏవండీ, సినిమా ఏవైనా తీస్తున్నారాండీ?"

"ఒక లెక్క చెప్పాలండి. హైదరాబాద్ వాళ్ళకి."

పోలయ్య బోర్డుని తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, కొత్త సుద్దముక్కల పెట్టె విప్పి పెట్టాడు.

పంతొమ్మిది మంది పిల్లలు స్పెక్ట్రోమీటర్ల ముందు నిలబడ్డారు. "కాసేపు మీ పని మీరు చేసుకోండమ్మా. నాకు మీటింగ్ ఉంది," అని ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. తెర మీద ఏడు మొహాలు కనిపించాయి. మధ్యలో భవానీదేవి, నెరిసిన జుట్టు ముడివేసుకుని, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని ఉంది. జీవన్ స్లైడ్లు చూపిస్తున్నాడు. నల్లటి మూల తెర నిండా ఉంది.

"ఇదే మన ముఖ్యమైన ఫలితం," అంటున్నాడు. "రేపు సాయంత్రం ఆరింటికి పంపేస్తాం. ఎవరికైనా ఏమైనా ఉందా?"

"నాకుందండి," అంది సూర్యకుమారి.

జీవన్ నొసలు ముడిచాడు. "మేడమ్, మీ మెయిల్ చూశాను. తర్వాత చూద్దామని చెప్పాను కదా."

"అయిదు నిమిషాలండి. ప్రొఫెసర్‌గారూ, మీరు వింటే చాలండి."

భవానీదేవి కళ్ళజోడు కిందకి దించింది. "నీ కోడ్‌లో తేడా ఉందని జీవన్ చెప్పాడమ్మా."

"నేను కోడ్ గురించి మాట్లాడనండి. బోర్డు కనిపిస్తోందాండీ?"

"కనిపిస్తోంది."

సూర్యకుమారి సుద్దముక్క తీసుకుంది. పేపర్‌లో రెండో పేజీలో ఉన్న సమీకరణాన్నే సగాలతో సహా బోర్డు మీద రాసింది. కింద మూడు అంకెలు రాసింది. "ఇది జీవన్‌గారు పంపిన పాయింటండి. మీ జల్లెడలో నిలిచింది. ఇందులో షరతులేమీ వద్దు. ఉన్న అంకెలు ఉన్నట్టు వేద్దాం."

వెనక స్పెక్ట్రోమీటర్ల దగ్గర చప్పుడు ఆగిపోయింది. ఆమె వెనక్కి తిరిగింది. పిల్లలందరూ బోర్డు వంకే చూస్తున్నారు.

"వాణీ, కాలిక్యులేటర్ ఉందా? పాయింట్ రెండు ఆరులో సగం ఎంత?"

వాణి ముందు బెంచీ పిల్ల. కెమెరా చూసి సిగ్గుపడి, "కాలిక్యులేటర్ ఎందుకండీ, పాయింట్ వన్ త్రీ అండీ," అంది.

"అలాంటివి రెండు. అందులోంచి పాయింట్ నాలుగు తీసెయ్."

"మైనస్ పాయింట్ వన్ ఫోర్ అండీ."

సూర్యకుమారి రాసింది. ఇంకో మాట చెప్పబోతుండగా తెరలోంచి భవానీదేవి గొంతు వినిపించింది.

"పది వెయ్యమ్మా. రెండు కొలతలూ పది వెయ్యి."

"మైనస్ పద్నాలుగండీ!" అన్నారు నలుగురైదుగురు పిల్లలు ఒకేసారి.

"వంద?"

"మైనస్ ఫోర్టీన్ హండ్రెడండీ!" ఈసారి ల్యాబంతా అరిచింది. గుమ్మం దగ్గర పోలయ్య కూడా లోపలికి ఒక అడుగు వేశాడు.

తెర మీద జీవన్ కాగితం మీద ఏదో గబగబా రాసుకుంటున్నాడు. రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాడు. తర్వాత తల ఎత్తాడు.

"దీనికి అడుగు లేదు," అన్నాడు మెల్లగా.

"లేదండి," అంది సూర్యకుమారి. పాత పేపర్ సమీకరణం పక్కన రాసి, సగాలు ఎక్కడ పోయాయో, రెండు ఎక్కడి నుంచి వచ్చిందో సుద్దతో గీత గీసి చూపించింది. నిజంగానే అయిదు నిమిషాలు పట్టింది.

"జీవన్, ఆ ఫైలు తెరువు," అంది భవానీదేవి. "షరతులు ఉన్న లైను."

అతను తెరిచాడు. నూటపన్నెండో లైనులో ఆ రెండు కనిపించింది. లైను పక్కన రాసినవాళ్ళ పొడి అక్షరాలు, తేదీ ఉన్నాయి. జీవన్ వాటిని చూసి ఏదో అనబోయి ఆగిపోయాడు.

"చదువు," అంది భవానీదేవి. "ఎందుకు ఆగావు? అవి నా అక్షరాలే. మూడేళ్ళ కిందట నేనే రాశాను." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నేను రాశానని నువ్వు చూడలేదు. నలుగురు వాడుతున్నారని నేను చూడలేదు. సూర్యకుమారీ, నీకు మా ఫైలు ఎక్కకపోవడం మన అదృష్టం."

"ఏదో అలా కుదిరిందండి," అంది ఆమె. ఆ గొంతు తనదేనా అనిపించింది.

"రేపు పంపేది లేదు. లెక్క మళ్ళీ మొదటి నుంచి చేద్దాం. ఈ ఫైలుతోనే వచ్చిన నా పాత పేపర్ ఒకటుంది, దానికీ దిద్దుబాటు పంపాలి. జీవన్, పేర్లలో సూర్యకుమారి పేరు ఎందుకు లేదు?"

జీవన్ పేపర్ మొదటి పేజీ తెరిచాడు.

"అక్షరక్రమంలో చేర్చు. కాలేజీ పేరుతో సహా. సిద్ధాంతం భాగం ఆవిడే రాస్తుంది."

మీటింగ్ ముగిసింది. ల్యాప్‌టాప్ మూసేసరికి ల్యాబ్‌లో చిన్న చప్పట్లు మొదలై, పెద్దవయ్యాయి. ఎవరు గెలిచారో, ఏం గెలిచారో పిల్లలకి సగమే తెలుసు. సూర్యకుమారి చేతికంటిన సుద్ద దులుపుకుంటూ, "చాలు చాలు. రీడింగులు తీసేరా? చూపించండి," అంది. చూపించడానికి ఒక్కరి దగ్గరా రీడింగులు లేవు.

శుక్రవారం, శనివారం పనితోనే గడిచాయి. షరతు మారింది కాబట్టి పాయింట్లన్నీ మళ్ళీ జల్లెడ పట్టాలి. జీవన్ అక్కడి పెద్ద కంప్యూటర్ మీద లక్షలు మొదలుపెట్టాడు. ఇక్కడ ప్రిన్సిపాల్ అనుమతితో, మధ్యాహ్నం క్లాసులు అయ్యాక, కంప్యూటర్ ల్యాబ్‌లోని ఎనిమిది మిషన్ల మీద సూర్యకుమారి తన మూడొందల లైన్ల కోడ్ ఎక్కించింది. ఒక్కో మిషన్ దగ్గరికీ వెళ్ళి, పాయింట్లు పంచి, ఆగిపోయినదాన్ని మళ్ళీ లేపి, తిరుగుతూనే ఉంది. రెండు వేలు కాదు, ఈసారి నలభై వేలు.

శనివారం మూడున్నరకి పటం వచ్చింది. నల్లటి మూల పోయింది. అది పోతే పేపర్‌లో చెప్పడానికి ఏమీ మిగలదని ఆమె భయపడింది. కానీ ఆ మూల పైన, ఇంతకుముందు మిగతా చుక్కల్లో కలిసిపోయి కనపడని సన్నటి చార ఒకటి మిగిలింది. హిగ్స్ బరువు నూట పాతిక అనే కొలతలో, కొత్త కణం బరువు తొంభైకీ నూట ఇరవైకీ మధ్య ఉంటేనే ఆ చార నిలుస్తోంది. అంతకన్నా బరువైతే సిద్ధాంతం ఒప్పుకోదు. తేలికైతే డేటా ఒప్పుకోదు. ఆ బరువులో అలాంటి కణం ఉందో లేదో కొలైడర్ వాళ్ళు వెతకగలరు. ముందున్న నల్లటి మూల ఎంత పెద్దదంటే, దాన్ని ఎవరూ కాదనలేరు, ఔననీ అనలేరు. ఈ చార సంగతి మాత్రం ఏదో ఒకటి తేలిపోతుంది.

ఆమె పటం పంపింది. పది నిమిషాల్లో జీవన్ తన పటం పంపాడు. లక్షల చుక్కలున్న అతని పటాన్ని తెర మీద తన పటం పైన పరిచి, రెండు గట్లూ కలిసేదాకా జరిపింది. ఎక్కడా ఒక్క చుక్క కూడా బయట పడలేదు. చారకి అంచులు ఒకటే. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, తల మీద చేతులు పెట్టుకుని, చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం మామిడికుదురులో బస్సు దిగి ఇంటి గుమ్మంలోకి వచ్చేసరికి ఫోన్ మోగింది. ముసురు విడిచి వీధంతా పసుపు ఎండ పడింది. సుబ్బాయమ్మ అరుగు మీద కూర్చుని, ఎండు కొబ్బరి ముక్కలు బుట్టలోకి ఎత్తుతోంది. సూర్యకుమారి ఆమె పక్కనే కూర్చుని ఫోన్ ఎత్తింది.

"మేడమ్, జీవన్‌ని. సోమవారం నేను ఫోన్‌లో అన్న మాట... పాఠాలు చెప్పుకుంటూ అని. అది అనకుండా ఉండవలసింది."

"అవునండి," అంది ఆమె. "అనకుండా ఉండవలసింది."

"ఇంకొకటి అడగాలి," అన్నాడు జీవన్. "మొదటి జల్లెడ మీరు చూశారు. రెండోది, డేటాది, నేను రాశాను. రెండు వేల లైన్లు. ఇంతవరకూ ఎవరూ చూడలేదు. మొన్నటి నుంచీ నాకు నిద్ర పట్టడం లేదు. మీరు ఒకసారి చూస్తారా?"

సూర్యకుమారి చెప్పులు విప్పి, అరుగు అంచున పెట్టింది.

"చూస్తానండి. సోమవారం పదకొండున్నర దాకా నాకు క్లాసుంది. ఆ తర్వాత మొదలుపెడతాను. ఏ లైను ఏ డేటాకో పక్కన రాసి పంపండి. రాయని లైను చూడను."

"అలాగే మేడమ్. రేపటికల్లా రాసి పంపుతాను."

ఆమె ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది.

"ఎవరే?" అంది సుబ్బాయమ్మ.

"నా పేరు తీసేసినాయనండి, అత్తయ్యగారూ."

"ఏం కావాలంట?"

"తన లెక్కలో తప్పుందేమో చూసిపెట్టమంటున్నారండి."

సుబ్బాయమ్మ బుట్ట మీద చెయ్యి ఆపి, కోడలిని తేరిపార చూసింది. "ఉందంటావా?"

"ఉంటే దొరుకుతుందండి," అని సూర్యకుమారి బుట్టకి రెండో వైపు పట్టుకుని లేచింది.